మన్రో గొలుసు: ప్రాజెక్టు డైరీ

మార్చి, రెండో ఆదివారం

గుత్తిలో పెళ్లికి వెళ్లాం. ముహూర్తానికి ఇంకా టైం ఉందని మావాణ్ణి తీసుకుని కోట కింద ఉన్న పాత ఇంగ్లీషు సమాధుల దగ్గరికి నడిచాను. తొమ్మిదో తరగతి పిల్లాడు, ఫోన్ లేకుండా రెండు గంటలు గడపాలంటే ఏదో ఒకటి చూపించాలి కదా.

ఈస్టిండియా కంపెనీ కాలంలో మన వైపు కలెక్టరుగా, తర్వాత మద్రాసు గవర్నరుగా చేసిన థామస్ మన్రోను మొదట పాతిపెట్టింది ఇక్కడే. 1827 జూలై 6 రాత్రి పత్తికొండలో కలరాతో పోయాడు. మర్నాడు గుత్తికి తెచ్చి పూడ్చారు. నాలుగేళ్ల తర్వాత, 1831లో, తవ్వి మద్రాసు కోటలో ఉన్న సెయింట్ మేరీ చర్చికి తీసుకెళ్లారు. ఇక్కడ రాయి ఉంది, మనిషి లేడు.

"ఈయన సైనికుడా, కలెక్టరా?" అన్నాడు మావాడు. "రెండూ" అన్నాను. "అయితే తుపాకీ పట్టుకుని శిస్తు అడిగినాడా?"

సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే నాకూ సరిగ్గా తెలియదు. చిన్నప్పటినుంచి విన్నవన్నీ కథలే. మా తాత తరంలో మన్రోలప్ప, మన్రోలయ్య అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. ఆయన్ను మాండవ్య రుషి అనేవాళ్లట. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకొక్కడికే కనిపించి మాట్లాడాడని అంటారు. కడప జిల్లా గండిలో పాపఘ్ని నది మీద బంగారు తోరణం కూడా ఆయనకొక్కడికే కనబడిందట, అది కనబడినవాడు ఎక్కువ కాలం బతకడట. తిరుమలలో ఆయన పేరు మీద నైవేద్యం పెట్టే మన్రో గంగాళం సంగతి సరేసరి. దేవుళ్లందరూ ఇంతమందిలో ఒక్క స్కాట్లండ్ మనిషినే ఎందుకు పలకరించారో నాకు అర్థం కాదు. అంతకంటే అర్థం కానిది, ఏడేళ్లు మన దగ్గర శిస్తు వసూలు చేసిన మనిషిని జనం ఇలా ఎందుకు గుర్తుపెట్టుకున్నారన్నది.

రాత్రి ఇంటికొచ్చి ఆయన రిపోర్టుల మీద రాసినవి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగాను. దత్తమండలాల (ఇప్పటి మన రాయలసీమ, బళ్లారి వైపు) భూమినంతా 33 అడుగుల గొలుసుతో కొలిపించాడు. ఆ గొలుసు పొడవు, ఆ గొలుసు వెడల్పు ఉన్న చదరాలు 40 అయితే ఎకరం.

లెక్క వేసి చూశాను. 33ను 33తో గుణిస్తే 1,089 చదరపు అడుగులు. దాన్ని 40తో గుణిస్తే 43,560. సరిగ్గా ఎకరం. ఆ ఒక్క చదరమే మనం గుంట అంటాం. తెలంగాణలో ఇప్పటికీ 'ఎకరా పది గుంటలు' అనే మాట్లాడతారు. మా వైపు సెంట్లలో చెబుతాం, గుంటకు రెండున్నర సెంట్లు.

ప్రాజెక్టు ఇదీ: ఆ గొలుసు చేయాలి. దాంతో చిన్నాయన సాగుచేస్తున్న మా ఉమ్మడి మెట్టచేను కొలవాలి. పాసుపుస్తకంలో 2 ఎకరాల 24 సెంట్లు అని ఉంది. చూద్దాం.

మార్చి, మూడో వారం

ఎనిమిదో నంబరు జీఐ తీగ రెండు కిలోలు, చిన్న ఇనుప రింగులు తెచ్చాను. అసలు గొలుసుకు ఎన్ని కొక్కేలు ఉండేవో పట్టించుకోకుండా నా సౌకర్యానికి అడుగుకొకటి చొప్పున 33 పెట్టుకున్నాను. పలకకు రెండు మేకులు కొట్టి, తీగ రెండు చివర్లా వాటికి చుట్టి వంచితే అన్నీ ఒకే కొలత వస్తాయి. రోజుకు ఆరు లింకులు. ఏడోది వంచేటప్పటికి బొటనవేలు చెప్పేస్తుంది.

చేతులు పనిచేస్తుంటే తల ఖాళీ. మావాడు పక్కన కూర్చుని ఫోన్లో చదువుతాడు, నేను తీగ వంచుతాను.

పుట్టింది 1761లో గ్లాస్గోలో. తండ్రి పొగాకు వ్యాపారి, వర్జీనియాతో లావాదేవీలు. అమెరికా యుద్ధం వచ్చి వ్యాపారం మునిగింది. కొడుకు 1780 జనవరిలో మద్రాసులో దిగాడు, కంపెనీ కాల్బలంలో కుర్ర కేడెట్‌గా. అంటే అప్పుల ఇంటి నుంచి ఉద్యోగానికి వచ్చిన కుర్రాడన్నమాట. ఆ ఏడాదే హైదర్ అలీ ఆర్కాటు నవాబు ఏలే కర్ణాటకం మీద పడ్డాడు. పొల్లిలూరు దగ్గర కంపెనీ దళం ఒకటి తుడిచిపెట్టుకుపోయింది. కుర్రాడి ఉద్యోగం అలా మొదలైంది.

చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు: మూడేళ్ల దాకా పుస్తకమో తూటాల సంచో తప్ప వేరే తలగడ ఎరగడు, నాలుగు కర్రల మీద గుడ్డ పరిస్తే అదే మంచం. ఇండియాలో దొరలందరూ పల్లకీల్లో తిరుగుతారని ఇంటి దగ్గర అనుకుంటున్నారని దెప్పిపొడుపు కూడా ఉంది అందులో. మావాడికి ఇది బాగా నచ్చింది. "హాస్టల్ లాగా ఉంది" అన్నాడు.

సిపాయి రెవెన్యూలోకి ఎలా వచ్చాడంటే, 1792లో టిప్పు ఓడి బారామహల్ ఇచ్చేశాడు. ఇప్పటి సేలం, ధర్మపురి ప్రాంతం. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? మద్రాసులో సివిల్ ఉద్యోగులున్నారు గానీ వాళ్లకు జనం భాషలు రావు, గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌కు వాళ్ల మీద నమ్మకమూ లేదు. అలెగ్జాండర్ రీడ్ అనే సైనికాధికారిని పెట్టి, ఆయన కింద మన్రో సహా ముగ్గురు సైనికులనే సహాయకులుగా ఇచ్చాడు. మన్రో అప్పటికే ఫారసీ, హిందుస్తానీ నేర్చుకుని ఉన్నాడు. ఏడేళ్లు అక్కడ ఊరూరా తిరిగి, రైతుతో నేరుగా లెక్క చూసుకోవడం ఎలాగో నేర్చుకున్నాడు. తర్వాత కొన్నాళ్లు పడమటి తీరాన కెనరా. 1800 అక్టోబరులో నిజాం తన సైన్యపు ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం కంపెనీకి ఇచ్చేస్తే, అక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. మకాం అనంతపురం. ఆ నేలకే దత్తమండలాలని పేరు పడింది. రాయలసీమ అన్న పేరు 1928లో గానీ రాలేదు.

మార్చి, ఆఖరి ఆదివారం

గొలుసు అయిపోయింది, తప్పుగా.

మేడ మీద టేపు పరిచి పక్కన గొలుసు లాగితే 33 అడుగుల 8 అంగుళాలు. పావుగంట టేపునే అనుమానించాను. తర్వాత తెలిసింది: లింకు అంచు నుంచి అంచుకు పన్నెండు అంగుళాలు చూసుకున్నాను గానీ, మధ్యలో రింగు కూడా చోటు తింటుందని మరిచిపోయాను. జాయింటుకు పావు అంగుళం. 32 జాయింట్లు. ఎనిమిది అంగుళాలు.

"ఎనిమిది అంగుళాలేగా నాన్నా" అన్నాడు మావాడు. కూర్చోబెట్టి లెక్క చేయించాను. గొలుసు రెండు శాతం పొడవైతే, పొడవులోనూ వెడల్పులోనూ రెండు శాతం తగ్గి పడుతుంది. ఎకరం చేను 96 సెంట్లుగా తేలుతుంది. నాలుగు సెంట్లు గాలిలో కలిశాయి. పొడుగు గొలుసు రైతుకు లాభం, శిస్తు తగ్గుతుంది. పొట్టి గొలుసు సర్కారుకు లాభం. మనవాళ్లు కొలిచేవాడి మొహం కంటే ముందు గొలుసు వైపు చూసేది ఇందుకే అయ్యుంటుంది.

ప్రతి లింకుకూ ఒక చివర విప్పి, పావు అంగుళం లోపలికి మళ్లీ వంచాలి. ముప్పైమూడు సార్లు. ఒకసారి వంచిన తీగ రెండోసారి మాట వినదు. నాలుగు విరిగాయి.

ఏప్రిల్, మొదటి వారం

గొలుసు 33 అడుగులకు వచ్చింది. 11వ, 22వ అడుగు దగ్గర ఎర్ర గుడ్డ కట్టాను. రెండు చివర్లా పిడులు. గుర్తు పెట్టడానికి పది ఇనుప మేకులు, జానెడు జానెడు.

ఈ వారం చదివింది కొంచెం చేదుగా ఉంది, రాసిపెడుతున్నా. ఆయన వచ్చేనాటికి దత్తమండలాల్లో 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద ఆయుధాలు పట్టిన బంట్రోతులు వేలల్లో. వాళ్లలో చాలామందిని మూడు నాలుగేళ్లలో లేకుండా చేశాడు. కొందరికి పింఛను, కొందరి మీదికి సైన్యం. 1801లో తెర్నేకల్ ఊరు శిస్తు విషయంలో ఎదురుతిరిగింది. ఫిరంగులు వచ్చాయి. నాయకుడు గౌడప్పను ఉరితీశారు. తుపాకీ పట్టుకుని శిస్తు అడిగినాడా అని మావాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. అడిగాడు, అవసరమనుకున్న చోట. ఆ తర్వాతే గొలుసు పట్టాడు. మన్రోలప్ప పేర్లు, తెర్నేకల్ ఉరి ఒకే మనిషివి. కథల్లో రెండోది ఎవరూ చెప్పరు.

ఏప్రిల్, రెండో ఆదివారం: కొలత రోజు

పొద్దున్నే ఆరింటికే చేనులో ఉన్నాం. చెనిక్కాయ పీకేసి ఎన్నాళ్లో అయింది, నేల ఎర్రగా ఉంది. చిన్నాయన గొలుసు చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"ఏమ్రా, దీనితో ఎద్దును కట్టేస్తావా?"

"భూమి కొలుస్తా చిన్నాయనా."

"మొన్ననే కదరా సర్కారోళ్లు వచ్చి, కర్ర మీద పుట్టగొడుగు మాదిరి ఒకటి పెట్టి, ఐదు నిముషాల్లో కొలిచి పాయ. మళ్లా ఎందుకు?"

రీసర్వేలో వాడే రోవర్ (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరం) గురించి ఆయన చెప్పేది. దానికి జవాబు నా దగ్గర లేదు, గొలుసు పరిచాను.

చేను నాలుగు మూలలది గానీ చదరం కాదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు గీత లాగి, ఆ గీత మీదికి మిగతా రెండు మూలల నుంచి లంబాలు కొలిస్తే రెండు త్రిభుజాలు వస్తాయి. లంబం ఎక్కడ పడుతుందో కనుక్కోవడానికి గొలుసే పనికొచ్చింది: ఆరు, ఎనిమిది, పది లింకులుగా త్రిభుజం పరిస్తే మూల సరిగ్గా నిలువుగా వస్తుంది. మావాడు లెక్కల క్లాసులో నేర్చుకున్నది మొదటిసారి మట్టిలో పనికొచ్చింది, మొహంలో కనిపించింది.

ముందు పట్టేవాడు మేకులు తీసుకుని నడుస్తాడు, గొలుసు బిగియగానే ఒకటి గుచ్చుతాడు. వెనక పట్టేవాడు ఆ మేకు దగ్గరికి వచ్చాక దాన్ని పీకి తన దగ్గర పెట్టుకుంటాడు. వెనకవాడి చేతిలో ఎన్ని మేకులుంటే అన్ని గొలుసులు. పది అయ్యాక అన్నీ ముందువాడికి ఇచ్చి మళ్లీ మొదలు. చెప్పడం సులువే.

మావాడికి హుషారు రావాలని గొలుసుకు ఇరవై రూపాయలన్నాను. అక్కడ చెడింది. వాడు పరుగెత్తడం మొదలుపెట్టాడు. గొలుసు ముళ్లకంప మీదుగా పోయినా పట్టించుకోడు, ఒక్క గుంజు గుంజి మేకు గుచ్చేయడం. మొదటిసారి అడ్డగీత 20 గొలుసుల 12 అడుగులు వచ్చింది. అంతకు ముందు నేను అడుగులేసి చూసుకున్నదానికీ దీనికీ పొంతన లేదు. వెనక్కి నడిచి చూస్తే ఒక మేకు కంప కింద అలాగే ఉంది. పీకడం మరిచింది నేనే. అసలు లెక్క 21 గొలుసుల 12 అడుగులు.

మన్రో కచేరీలోనూ ఈ తలనొప్పే. 1802 జూన్‌లో నలుగురు గుమాస్తాలతో సర్వే మొదలై, మెల్లగా వందమంది దాకా పెరిగింది. మొదట నెలజీతం ఇచ్చారు, పని సాగలేదు. తర్వాత కొలిచిన ఎకరానికి ఇంత అని ఇచ్చారు, పని పరుగెత్తింది. పరుగుకు తప్పులు వస్తాయని తెలుసు గనక, వాళ్ల మీద తనిఖీ చేసే హెడ్ సర్వేయర్లకు మాత్రం నెలజీతమే ఉంచారు, వాళ్లు తొందరపడకూడదని. తిరిగి కొలిస్తే మెట్టలో నూటికి పది, మాగాణిలో నూటికి ఐదు కంటే తేడా వస్తే కొలిచినవాడి ఉద్యోగం పోయినట్టే. కూలి పద్ధతి మార్చి నేనూ మావాడికి రోజు కూలి అన్నాను. వెంటనే నడక నెమ్మదించింది, మరీ ఎక్కువగా.

ఎనిమిదిన్నర అయ్యేసరికి పక్క చేను ఆయన గెనిమ (చేను గట్టు) మీద నిలబడి ఉన్నాడు. కాసేపు మాట్లాడలేదు. గొలుసు చూశాడు, మేకులు చూశాడు, నా చేతిలో నోటుపుస్తకం చూశాడు.

"ఏం సామీ, రోడ్డు పడతాందా ఈడ?"

"లేదన్నా, ఊరికే కొలుస్తాండాం."

"ఊరికే ఎవురన్నా కొలుస్తారా?"

చిన్నాయన నవ్వాడు గానీ ఆయన నవ్వలేదు. నా గొలుసు ఆయన గెనిమ వైపు జరిగినప్పుడల్లా ఒక అడుగు ముందుకేశాడు. కొలత అంటే ఏదో పోతుందని అర్థం ఆయనకు. ఎకరాల సంఖ్య కంటే ఆ నిలబడడం నాకు ఎక్కువ నేర్పింది. 1802లో పరాయి భాష మాట్లాడే దొర పంపిన మనుషులు ఇదే గొలుసుతో ఊళ్లోకి వస్తే, అదీ తెర్నేకల్ అయిన మరుసటి ఏడాది, గెనిమల మీద ఎంతమంది ఇలా నిలబడి ఉంటారు.

లంబాలు: ఒకవైపు 4 గొలుసుల 6 అడుగులు, రెండోవైపు 4 గొలుసులకు రెండడుగులు తక్కువ. అంటే 705 అడుగుల గీత మీద 138, 130. మొత్తం 94,470 చదరపు అడుగులు. 2 ఎకరాల 17 సెంట్లు.

ఏడు సెంట్లు తక్కువ. చిన్నాయన మొహం మారింది. "అట్లయితే నా ఏడు సెంట్లు ఎవుడు తిన్న్యాడు?" అని పక్కాయన వైపు చూశాడు. పక్కాయన నావైపు చూశాడు. నేను గొలుసు చుట్టేశాను.

నూటికి మూడు పైచిలుకు తేడా. మన్రో దగ్గర ఉద్యోగం పోదు, అంతవరకు ధైర్యం.

అదే రోజు రాత్రి

అనుమానం తీరక గొలుసును మళ్లీ టేపు పక్కన పరిచాను. 33 అడుగుల మూడున్నర అంగుళాలు! పొద్దున కొలవకముందు సరిగ్గా ఉన్నదే. మావాడి గుంజుడుకు అతుకు లేని రింగులు నోళ్లు తెరిచాయి. ఎండకు ఇనుము సాగుతుందంటారు గానీ, ఇంత గొలుసుకు అది రెండు మూడు మిల్లీమీటర్లు దాటదు. తప్పు ఎండది కాదు, నాది.

ఆ సాగుడు కలిపి లెక్కిస్తే 2 ఎకరాల 21 సెంట్లు. ఇంకా మూడు సెంట్లు ఉండాలి. తూర్పు మూల దగ్గర వంక ఏటేటా కోస్తోంది, అక్కడ గెనిమ పోయి నేను లోపలికి కొలిచాను. వెంటనే చిన్నాయనకు ఫోన్ చేశాను, పక్కాయనతో గొడవ పెట్టుకోకముందే.

ఏప్రిల్, మూడో వారం

గ్యాస్ వెల్డింగ్ షాపులో రింగులన్నీ అతికించాను. ముందే చేయాల్సిన పని.

కొలత సరే. కొలిచాక ఏం చేశాడన్నది చదివాను. ఒక్క కొండలు, రాళ్లగుట్టలు తప్పించి దారులు, చెరువు గర్భాలు, ఊరి స్థలాలు, బీళ్లు అన్నీ కొలిచారు. మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, ఏ చేను ఎవరిదో పేరు రాశారు. నేల మంచిచెడ్డలు చూసి తరం కట్టేవాళ్లు తర్వాత వచ్చి, రెడ్డి, కరణం, పెద్ద రైతుల ఎదుట ఒక్కో చేనుకు రేటు వేశారు. చేను మీద రైతు పేరు ఎక్కింది, మధ్యలో జమీందారు లేడు. జనానికి నచ్చింది ఇదే అనుకుంటా. ఆయన ఎక్కువ కాలం డేరాల్లోనే ఉంటూ ఊరూరా తిరిగి జమాబందీ (ఏటేటా శిస్తు లెక్క తేల్చడం) చూశాడు, రైతు నేరుగా వచ్చి మాట్లాడుకోగలిగాడు. అంతకు ముందు అలా మాట్లాడిన అధికారి వాళ్లకు దొరికి ఉండడు.

కానీ రేటు? పంటలో నూటికి 45 వంతుల దాకా పోయింది. ఏడేళ్లలో శిస్తు దాదాపు సగం పెరిగింది. అది ఎక్కువని ఆయనకే తెలుసు. 1807లో సెలవు మీద స్వదేశం పోబోయే ముందు రాసిన రిపోర్టులో భూములన్నిటి మీదా నూటికి 25 తగ్గించాలన్నాడు, తోటలకు ఇంకో 8. అప్పుడు మూడో వంతుకు దిగుతుంది. పైవాళ్లు వినలేదు. రైతుతో నేరుగా లెక్క చూసుకునే రైతువారీ పద్ధతినే పక్కన పెట్టి ఊళ్లను గుత్తకు ఇచ్చారు. గుత్తలు పట్టినవాళ్లు చాలామంది దివాలా తీశారు. ఆ పాతిక శాతం తగ్గింపు అమలులోకి వచ్చింది 1820 తర్వాత, ఆయనే మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక.

నా మాట చెప్పాలంటే, ఆయన గొలుసు నిజాయితీగా ఉంది, రేటు లేదు. కలెక్టరుగా ఉన్నప్పుడు తెలిసి కూడా వసూలు చేశాడు. గవర్నరయ్యాక దిద్దుకున్నాడు. మధ్యలో పోయిన పదమూడేళ్ల కరువులూ అప్పులూ ఎవరి ఖాతాలో రాయాలో మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లు అడగలేదు. అడగాల్సింది అనిపిస్తుంది నాకు.

ఆఖరి ప్రయాణం గురించి కూడా ఇక్కడే రాసేస్తా. ఆయన రాజీనామా ఇచ్చి, తర్వాతి గవర్నరు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. భార్య బిడ్డ జబ్బు కారణంగా ముందే ఓడెక్కింది. ఈ ఖాళీలో తన పాత తాలూకాలను ఒకసారి చూసిపోదామని బయలుదేరాడు, డేరాలతోనే. గుత్తి చేరేటప్పటికే దండులో కలరా ఉంది. పత్తికొండ దగ్గర ఆయనకూ తగిలింది. పొద్దున మొదలై రాత్రికి అయిపోయింది. మద్రాసులో ఆయన విగ్రహం 1839లో పెట్టారు. జీను లేని గుర్రం మీద, రికాబులు లేకుండా కూర్చుని ఉంటాడు. గుర్రం మీద అలా ఎలా కూర్చుంటాడని మావాడు అడిగాడు. శిల్పి చాంట్రీని అడగాలి.

ఏప్రిల్, ఆఖరి ఆదివారం

అతికించిన గొలుసుతో మళ్లీ కొలిచాం. ఈసారి కొలవకముందు, కొలిచాక రెండుసార్లూ టేపుతో పోల్చాను, అర అంగుళం కూడా తేడా లేదు. వంక కోసిన మూలను విడిగా వేసి కలిపితే 2 ఎకరాల 23 సెంట్లు. ఒక్క సెంటు ఎక్కడో పోయింది. చిన్నాయన అది దానం కింద రాసుకోమన్నాడు.

వెళ్లిపోతుంటే పక్కాయన గెనిమ దాటి మా చేనులోకి వచ్చాడు. గొలుసును కాలితో ఒకసారి జరిపి చూశాడు.

"వచ్చే ఆదివారం మాది కూడా కొలిచిపోతావా సామీ?"

"కొలుస్తాలే అన్నా."

"తక్కువొస్తే చెప్పు, తాసిల్దారు కాడికి పోతా. ఎక్కువొస్తే మాత్రం బుక్కులో రాయొద్దు."

ఇంకో మేకు చేయించాలి, ఈసారి ఎక్కడో పోయినదాని బదులు. మొత్తానికి తొమ్మిదే మిగిలాయి.